ఐదు లారీల ఓనరుకి డ్రైవింగ్ డేటా ఎక్కడ పనికొస్తుంది?

ఇన్సూరెన్స్ రెన్యూవల్ కాగితం చేతికి రాగానే చిన్న లారీ ఓనరు ముందు చూసేది అడుగున ఉన్న మొత్తం. పోయినేడు ఎంత, ఈ ఏడు ఎంత. "బండికి ఒక్క గీత కూడా పడలేదు కదా, మరి ఇంత ఎందుకు?" అన్న మాట విజయవాడ ఆటోనగర్‌లో ఏ ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో కాసేపు కూర్చున్నా చెవిన పడుతుంది. న్యాయమైన ప్రశ్నే అది. జవాబు ఆ కాగితంలోనే రెండు వరసలుగా ఉంది. ఆ రెంటినీ విడదీసి చూసేవాళ్లే తక్కువ.

మొదటి వరస థర్డ్ పార్టీ. లారీ వల్ల ఎదుటివాళ్ల ప్రాణానికో ఒంటికో ఆస్తికో నష్టం జరిగితే పరిహారం కట్టే భాగం ఇది. దీని రేటు ఇన్సూరెన్స్ కంపెనీ చేతిలో లేదు. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐతో సంప్రదించి కేంద్ర రోడ్డు రవాణా శాఖ ఖరారు చేస్తుంది. 2022 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చిన పట్టిక ప్రకారం, కిరాయికి తిరిగే సరుకు లారీ మొత్తం బరువు 12 నుంచి 20 టన్నుల మధ్య ఉంటే ఏడాదికి 35,313 రూపాయలు, 20 నుంచి 40 టన్నులైతే 43,950, 40 దాటితే 44,242. జీఎస్‌టీ దీనికి అదనం. సరుకుతో కలిపి 28 టన్నులు తూగే పది టైర్ల లారీకి 43,950 పడుతుంది. పదేళ్లుగా ఒక్క కేసు కూడా లేని డ్రైవరు నడిపినా అంతే, నెలకోసారి ఎక్కడో ఒకచోట తగిలించేవాడు నడిపినా అంతే.

రెండో వరస ఓన్ డ్యామేజీ. అందరూ ఓడీ అంటారు. మన బండికి జరిగిన నష్టానికి వచ్చే డబ్బు ఇది. 2007 జనవరి 1 నుంచి ఈ భాగంలో టారిఫ్ కట్టుబాటు తీసేశారు. అప్పటినుంచి పాత టారిఫ్‌ను కొలబద్దగా పెట్టుకుని డిస్కౌంట్ ఎంత ఇవ్వాలో, లోడింగ్ (అదనపు ప్రీమియం) ఎంత వెయ్యాలో కంపెనీలే నిర్ణయించుకుంటున్నాయి. లారీ మోడల్, వయసు, ఏ ఆర్టీఓ పరిధి, పాత క్లెయిమ్‌లు ఎన్ని అన్నవి చూసి రేటు చెబుతాయి. డ్రైవింగ్ డేటా, అంటే బండి ఎంత వేగంగా, ఎన్ని గంటలు, ఎలా నడిచిందన్న లెక్క, పెట్టుకుని బేరమాడగలిగే చోటు ఉంటే అది ఈ ఓడీ వరసలోనే.

కాబట్టి "మా జీపీఎస్ పెట్టించండి, ఇన్సూరెన్స్ సగానికి తగ్గుతుంది" అని ఎవరైనా ఆఫీసుకొచ్చి చెబితే, ఏ వరసలో తగ్గుతుందని అడగాలి. థర్డ్ పార్టీ వరస దేనికీ కదలదు. ఓడీ వరసలో కూడా డేటా చూపించగానే చీటీ చింపి ఇచ్చినట్టు తగ్గించే పద్ధతి లారీలకు ఇంకా స్థిరపడలేదు. 2022 జూలైలో ఐఆర్‌డీఏఐ ఓడీ పాలసీల్లో "తిరిగినంతే కట్టు", "నడిపే తీరును బట్టి కట్టు" అనే రెండు పద్ధతులకు కంపెనీలకు అనుమతి ఇచ్చింది. కంపెనీలు వాటిని ఎక్కువగా కార్ల ఓనర్ల దగ్గరికే తీసుకెళ్లాయి. నెలకు ఎనిమిది వేల కిలోమీటర్లు తిరిగే లారీకి "తిరిగినంతే కట్టు" అన్నది ఎలాగూ నష్టమే. రెండో పద్ధతే లారీలకు సరిగ్గా సరిపోయేది. అది లారీల దాకా రావడమే ఆలస్యమవుతోంది.

ఈ విషయంలో అమెరికా మాటలు మన దగ్గర చాలా తిరుగుతుంటాయి. అక్కడ సంగతి వేరు. మన థర్డ్ పార్టీ లాంటి లయబిలిటీ ఇన్సూరెన్స్ రేటును కూడా అక్కడ కంపెనీలే వేస్తాయి. రాష్ట్రాలు దాటి తిరిగే మామూలు సరుకు ట్రక్కుకి కనీసం 7,50,000 డాలర్ల కవరు ఉండాలి. సొంత అథారిటీతో (సొంత పేరు మీద రవాణా అనుమతితో) కొత్తగా దిగిన ఒక్క ట్రక్కు ఓనరుకి ఏటా ప్రీమియం పది వేల డాలర్లు దాటడం మామూలే. 2017 డిసెంబర్ నుంచి డ్రైవింగ్ గంటలు నమోదు చేసే ఎలక్ట్రానిక్ లాగ్ పరికరం తప్పనిసరి అయింది. ప్రోగ్రెసివ్ లాంటి కంపెనీలు ఆ పరికరం నుంచే డేటా తీసుకుని డిస్కౌంట్ ఇస్తున్నాయి. రేటు మొత్తం కంపెనీ చేతిలో ఉండి, డేటా అప్పటికే చట్టం వల్ల పుట్టి ఉంటే డిస్కౌంట్ తేలిక. మన దగ్గర ఆ రెండూ సగం సగమే ఉన్నాయి. అక్కడి లెక్కను ఇక్కడికి తెచ్చుకుని ఆశపడితే మొదటి రెన్యూవల్‌కే నిరాశ తప్పదు.

అయినా డేటా పెట్టుకోవాలనే ఈ వ్యాసం చెబుతుంది. దాని లాభం ప్రీమియం కాగితంలో కనిపించదు. రాని క్లెయిమ్‌లో, నిలబడిన నో క్లెయిమ్ బోనస్‌లో, ప్రమాదం తర్వాత స్టేషన్ దగ్గర నడిచే మాటల్లో, డీజిల్ బిల్లులో కనిపిస్తుంది.

మూడు లారీల చరిత్రను కంపెనీ ఎందుకు నమ్మదు

ఒక్క క్లెయిమూ లేని ఓనరుకి కంపెనీ మీద కోపం రావడం సహజం. కంపెనీ వైపు లెక్క ఎలా ఉంటుందో కూడా చూడాలి. ఉదాహరణకు, సగటు లారీకి ఐదేళ్లకో క్లెయిమ్ వస్తుందనుకుందాం. అంటే ఏ ఏడాదైనా క్లెయిమ్ రాకుండా ఉండే అవకాశం నూటికి 80. మూడు లారీల్లో ఒక్కదానికీ రాకుండా ఉండే అవకాశం నూటికి 51. ఇలాంటి ఓనర్లు వంద మంది ఉంటే, వాళ్లు ప్రత్యేకంగా ఏ జాగ్రత్తా తీసుకోకపోయినా సగం మందికి ఈ ఏడు క్లెయిమ్ ఉండదు. వీళ్లలో ఎవరు నిజంగా జాగ్రత్తపరులో, ఎవరు అదృష్టవంతులో ఒక్క ఏడాది కాగితం చూసి చెప్పలేం. ఐదు వందల లారీల కంపెనీకి ఈ చిక్కు లేదు. దాని ఏడాది క్లెయిమ్‌ల మొత్తాన్ని ప్రీమియంతో పోలిస్తే అసలు రంగు తెలిసిపోతుంది.

చిన్న ఓనరుకి డేటా అవసరం పెద్ద కంపెనీకంటే ఎక్కువ అనడానికి కారణం ఇదే. ప్రమాదం అరుదుగా జరుగుతుంది. ప్రమాదానికి ముందు జరిగేవి మాత్రం రోజూ జరుగుతాయి. గట్టిగా బ్రేకు కొట్టడం, 80 దాటడం, రాత్రి రెండు నుంచి ఐదు దాకా ఆగకుండా నడపడం, ఆరేడు గంటలు ఒకే బిగిన స్టీరింగ్ దగ్గర ఉండడం. క్లెయిమ్‌లు లెక్కపెట్టి ఒక డ్రైవరు సంగతి తేల్చాలంటే పదేళ్లు పట్టొచ్చు. గట్టి బ్రేకులు లెక్కపెడితే మూడు నెలల్లో ఒక బొమ్మ కడుతుంది. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయిన 1,68,491 మందిలో పదింట ఏడుగురి మరణానికి అతివేగమే కారణమని రోడ్డు రవాణా శాఖ నివేదిక చెబుతోంది. అంటే కొలవాల్సినవాటిలో మొదటిది చాలా మామూలు విషయం, వేగం. దానికి గొప్ప పరికరాలేమీ అక్కర్లేదు.

నిజానికి చాలామంది ఓనర్ల దగ్గర డేటా ఇప్పటికే ఉంది, చూడడమే లేదు. 2021 ఫిబ్రవరి నుంచి తప్పనిసరి అయిన ఫాస్టాగ్ స్టేట్‌మెంట్‌లో ప్రతి టోల్‌గేటు దాటిన తేదీ, సమయం ఉంటాయి. హైదరాబాద్–విజయవాడ దారిలో పంతంగి గేటు దాటిన టైమూ, కొర్లపహాడ్ గేటు దాటిన టైమూ పక్కపక్కన పెట్టి, మధ్య దూరాన్ని పట్టిన సమయంతో భాగిస్తే సగటు వేగం వచ్చేస్తుంది. ఆ సగటే 75 వచ్చిందంటే మధ్యలో చాలాచోట్ల 80 దాటి ఉంటుంది. నాలుగు లేన్ల హైవే మీద సరుకు లారీకి పరిమితి 80. ఇక బీఎస్–6 కాలుష్య ప్రమాణాలు వచ్చాక కొన్న లారీ అయితే చాలావాటికి కంపెనీ వేసిచ్చిన కనెక్షన్ ఉంటుంది. టాటా వాళ్ల ఫ్లీట్ ఎడ్జ్, అశోక్ లేలాండ్ వాళ్ల ఐ–అలర్ట్ లాంటివి. బండి కొన్న రోజు షోరూమ్‌లో యాప్ వేయించుకుని, ఆ తర్వాత బండి ఎక్కడుందో చూడడానికి తప్ప తెరవని ఓనర్లు ఎంతోమంది. అందులోనే ఆగి ఉండి ఇంజిన్ నడిచిన గంటలు, ఆర్‌పీఎం (ఇంజిన్ తిరిగే వేగం), డీజిల్ వాడకం ఉంటాయి.

ఒక రాత్రి రిపోర్టు

డేటా అంటే నంబర్ల కుప్ప కాదు. ఒక్క ట్రిప్పును దగ్గరగా చూస్తే తెలుస్తుంది. గుంటూరు మిర్చి యార్డు నుంచి చెన్నైకి మిర్చి టిక్కీల (బస్తాల) లోడు వెళ్లిందనుకుందాం. జీపీఎస్ రిపోర్టు ఇలా ఉంటుంది. రాత్రి 9:10కి గుంటూరులో బయల్దేరింది. 10:15కి చిలకలూరిపేట. 11:50కి ఒంగోలు, అక్కడ పదిహేను నిమిషాలు ఆగింది. 2:40కి నెల్లూరు, ఆగలేదు. 3:30 నుంచి 4:20 మధ్య మూడు గట్టి బ్రేకులు. ఆ యాభై నిమిషాల్లో వేగం 76 నుంచి 38కి పడిపోయి, మళ్లీ 70కి లేచి, మళ్లీ పడింది. 4:40కి సూళ్లూరుపేట.

పొద్దున టీ తాగుతూ ఈ కాగితం చూసే ఓనరుకి మొదట కనిపించేవి ఆ మూడు బ్రేకులే. యాప్ కూడా వాటినే ఎర్రగా చూపిస్తుంది. అసలు విషయం మాత్రం ఆ పడి లేచే వేగంలో ఉంది. ఆ వేళప్పుడు హైవే ఖాళీగా ఉంటుంది. ఖాళీ రోడ్డు మీద కాలు పెడల్ మీద నిలకడగా ఉండడం లేదంటే కళ్లు మూతలు పడుతున్నాయని అర్థం. ఇక్కడ ఓనరు ఏం అడుగుతాడన్నదాని మీద ఆ డేటా విలువ ఆధారపడి ఉంటుంది. "బ్రేకులు ఎందుకు కొట్టావ్?" అంటే "ఏదో అడ్డమొచ్చింది" అన్న జవాబే వస్తుంది. "తమ్ముడూ, నెల్లూరు దాటాక నిద్ర పట్టేసిందా?" అని అడిగితే వేరే జవాబు వస్తుంది: "మధ్యాహ్నం రెండింటి నుంచి కాటా దగ్గరే నిలబడ్డానన్నా. టిక్కీలు లెక్క చూసుకునేసరికి ఎనిమిదైంది."

ఆ అలసట నెల్లూరు దాటాక వచ్చింది కాదు, యార్డులోనే మొదలైంది. హమాలీలు లోడు ఎత్తుతున్నంతసేపూ టిక్కీలు లెక్కపెట్టే పని డ్రైవరు మీద పడింది. ఆరు గంటలు నిలబడి, ఆ వెంటనే స్టీరింగ్ పట్టాడు. జీపీఎస్ ప్రకారం అతని పని 9:10కి మొదలైంది. ఒంటి లెక్క ప్రకారం రెండింటికే మొదలైంది. దీనికి మందు డ్రైవరుకి జరిమానా వెయ్యడం కాదు. లెక్క చూసుకోవడానికి గుమస్తానో క్లీనరునో పెట్టాలి, డ్రైవరు ఆ ఆరు గంటలు పడుకోవాలి. కుదరకపోతే నెల్లూరులో రెండు గంటలు ఆగమని ఓనరే చెప్పాలి. చెన్నైలో సరుకు అందుకునేవాళ్లు "పొద్దున్నే ఎందుకు రాలేదు" అని బ్రోకర్ మీద అరిస్తే ఆ ఫోన్ ఓనరు ఎత్తాలి, డ్రైవరు కాదు. 2025 నవంబర్ దాకా అమల్లో ఉన్న 1961 నాటి మోటార్ ట్రాన్స్‌పోర్ట్ కార్మికుల చట్టం రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అని రాసింది. ఆ గీత ఎక్కడుందో, లారీ డ్రైవరు రోజు ఎక్కడుందో ఈ ఒక్క రిపోర్టు చూస్తే తెలుస్తుంది.

ఒక్క క్లెయిమ్ ఖరీదు

ఇప్పుడు డబ్బు లెక్కకి వద్దాం. క్లెయిమ్ లేని ఏడాదికి ఓడీ ప్రీమియంలో నో క్లెయిమ్ బోనస్ మొదట 20 శాతం, తర్వాత వరసగా 25, 35, 45, 50 శాతం దాకా పెరుగుతుంది. క్లెయిమ్ చేస్తే సున్నాకి పడుతుంది. బోనస్ లేకుండా ఓడీ ప్రీమియం 40,000 రూపాయలు అనుకుందాం. 50 శాతం మెట్టు మీదున్న ఓనరు ఒక్క క్లెయిమ్ చేస్తే మరుసటి ఏడాది 20,000 ఎక్కువ కట్టాలి. ఆ తర్వాత వరసగా 12,000, 10,000, 6,000, 2,000. మొత్తం 50,000. ఏటా బండి విలువ తగ్గుతుంది కాబట్టి అసలు అంకె కొంత తక్కువే ఉంటుంది గానీ లెక్క తీరు మాత్రం ఇదే. ముప్పై వేల రిపేరుకి క్లెయిమ్ చేస్తే, ఆ ముప్పై వేలూ సొంత జేబులోంచి, అదీ వడ్డీతో, ఐదేళ్ల వాయిదాల్లో కట్టుకుంటున్నట్టే.

దీనికి తోడు మరో సంగతి ఉంది, చాలామందికి రిపేరు షెడ్డులోనే తెలుస్తుంది. సరుకు లారీ మామూలు పాలసీలో బంపర్లు, హెడ్‌లైట్లు, మడ్‌గార్డులు, బానెట్ పక్కభాగాలు, పెయింటు లాంటివాటికి డబ్బు రాదు. ఐఎంటీ–23 అనే కవరు విడిగా తీసుకుంటేనే వస్తుంది. దానికి పాత టారిఫ్ ప్రకారం ఓడీ మీద 15 శాతం అదనం. చిన్న దెబ్బలన్నీ తగిలేది సరిగ్గా ఆ భాగాలకే. అంటే టోల్‌గేటు దగ్గర ముందు బండిని తాకడం, యార్డులో వెనక్కి తీస్తూ గోడకి ఒరుసుకోవడం లాంటివి చాలావరకు పాలసీకి సంబంధం లేని ఖర్చు. గట్టి బ్రేకులు తగ్గించుకున్న ఓనరు మిగుల్చుకునేది ముందు ఈ డబ్బునే. దీన్ని ఏ కంపెనీ డిస్కౌంట్ అనదు గానీ జేబుకి అది డిస్కౌంటే.

బోనస్ గురించి ఇంకో మాట. అది బండిది కాదు, ఓనరుది. పాత లారీ అమ్మేసి ఇంకోటి కొంటే బోనస్ ఓనరు వెంట వస్తుంది. పాలసీ గడువు దాటాక 90 రోజుల్లోపు రెన్యూవల్ చేయకపోతే మాత్రం పోతుంది. కిస్తీలు ముదిరి, రెన్యూవల్ వాయిదా పడి, ఐదేళ్లు కష్టపడి తెచ్చుకున్న 50 శాతం ఇలా పోగొట్టుకునే ఓనర్లను చూస్తే బాధేస్తుంది.

"పెద్ద బండిదే తప్పు"

ఢీకొన్న చోట గుంపు చేరగానే తీర్పు అయిపోతుంది. పెద్ద బండిదే తప్పు. రాంగ్ రూట్‌లో వచ్చిన మోటారు సైకిల్ అయినా, లైట్లు లేని ట్రాక్టరు ట్రాలీ అయినా, కేసు మాత్రం లారీ డ్రైవరు మీదే నమోదవుతుంది. లారీ స్టేషన్ ఆవరణలో నిలబడిపోతుంది. కిస్తీ మాత్రం నిలబడదు. ముందు అద్దానికి పెట్టిన డ్యాష్‌క్యామ్ ఎంత విలువైందో ఇలాంటి రోజునే తెలుస్తుంది. ఎదుటి బండి ఏ వైపు నుంచి వచ్చిందో, లారీ తన లేన్‌లో ఉందో లేదో అందులో ఉంటుంది. పరిహారం కేసులో ఇరువైపులా నిర్లక్ష్యం ఉందని ట్రిబ్యునల్ తేలిస్తే బాధ్యత పంచుతుంది. డ్రైవరు మీద నడిచే క్రిమినల్ కేసులో అయితే ఆ వీడియోయే అతని జీవితం. భారతీయ న్యాయ సంహిత 106(1) కింద నిర్లక్ష్యంతో మరణానికి కారణమైతే శిక్ష ఐదేళ్ల దాకా ఉంటుంది. పాత చట్టంలో రెండేళ్లే. చెప్పకుండా పారిపోతే పదేళ్ల దాకా అన్న 106(2) మీదే 2024 జనవరి మొదట్లో డ్రైవర్లు సమ్మె చేశారు, హైదరాబాద్ పెట్రోలు బంకుల ముందు పొడవాటి క్యూలు కట్టాయి. 2024 జూలై 1న కొత్త చట్టం అమల్లోకి వచ్చినా ఆ ఒక్క ఉపసెక్షన్‌ను పక్కన పెట్టారు. డ్రైవర్ల వాదనలో న్యాయం ఉంది. ఆగితే గుంపు కొడుతుంది, వెళ్తే పారిపోయాడంటారు. గుంపు నుంచి తప్పించుకుని నేరుగా దగ్గరి పోలీస్ స్టేషన్‌కి వెళ్లాడని జీపీఎస్ గీత చూపిస్తే అతని మాటకి బలం వస్తుంది.

ఈ సాక్ష్యం నిలవాలంటే మాత్రం కొన్ని పనులు వెంటనే చెయ్యాలి. డ్యాష్‌క్యామ్ కార్డు నిండాక పాతదాని మీదే కొత్తది రాసుకుంటూ పోతుంది. ప్రమాదం తర్వాత కార్డు తీసి పక్కన పెట్టకపోతే రెండు మూడు రోజుల్లో అసలు దృశ్యమే చెరిగిపోవచ్చు. జీపీఎస్ సర్వర్‌లో కూడా పాత ట్రిప్పులు ఎప్పటికీ ఉండవు. పరిహారం కేసులేమో ఏళ్ల తరబడి నడుస్తాయి. ఆ రోజు రిపోర్టు మొత్తం దించుకుని దాచుకోవాలి. కోర్టులో పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియమంలోని 63వ సెక్షన్ ప్రకారం సర్టిఫికెట్ కావాలి, పాత 65బి సర్టిఫికెట్ స్థానంలో వచ్చింది ఇది. వాట్సాప్‌లో నలుగురికి పంపిన క్లిప్పు కంటే ఒరిజినల్ కార్డుకే విలువెక్కువ.

వేగం, బ్రేకుల సంగతి ఎంత బాగున్నా కాగితాల దగ్గర బోల్తా పడితే అంతా వృథా. డ్రైవరు లైసెన్సు చెల్లకపోయినా, పర్మిట్ లేకపోయినా, బాధితులకి ముందు కంపెనీ కట్టి తర్వాత ఓనరు దగ్గర వసూలు చేసుకోమని ట్రిబ్యునళ్లు ఆదేశించిన కేసులు చాలా ఉన్నాయి. ఒక మరణానికి పరిహారం లక్షల్లో ఉంటుంది. మూడు లారీల ఓనరు మూడూ అమ్మినా తీరకపోవచ్చు. లైసెన్సు, ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్), పర్మిట్, పొల్యూషన్, ట్యాక్స్ గడువులు ఒక పట్టికలో పెట్టుకుని నెలకోసారి చూసుకోవడం కూడా డేటా పనే. అన్నిటికంటే చవకైన పని, అన్నిటికంటే పెద్ద నష్టాన్ని ఆపే పని.

డీజిల్, డ్రైవరు, ఓనరు

నెమ్మదిగా, నిలకడగా నడిపితే వచ్చే లాభం ఇన్సూరెన్స్ కంటే ముందు డీజిల్‌లో తేలుతుంది. నెలకు 8,000 కిలోమీటర్లు, లీటరుకి 4 కిలోమీటర్లు అనుకుంటే 2,000 లీటర్లు. మైలేజీ 4.2కి వస్తే 1,905 లీటర్లు చాలు. లీటరు 96 రూపాయల లెక్కన నెలకు 9,100, ఏడాదికి లక్ష దాటుతుంది, అదీ ఒక్క లారీకి. పైన చెప్పిన థర్డ్ పార్టీ, ఓడీ రెండూ కలిపినా ఆ లక్ష లోపే. 0.2 పెరగడానికి చేయాల్సింది ఏమంత పెద్ద పని కాదు. ఆర్‌పీఎం పచ్చ గీత దాటకుండా గేరు మార్చడం, ధాబా దగ్గర ఇంజిన్ ఆపడం, టైర్లలో గాలి సరిగ్గా ఉంచడం.

ఇక్కడ ఒక తప్పు తరచుగా జరుగుతుంది. ఆ లక్ష ఓనరు ఖాతాలో పడుతుంది, ఆ క్రమశిక్షణ మాత్రం డ్రైవరు కాలి మీద, కంటి మీద పడుతుంది. దొంగను పట్టుకోవడానికి పెట్టినట్టు కెమెరా పెడితే డ్రైవరు దాని మీద గుడ్డ కప్పుతాడు, లేదా ఇంకో ఓనరు దగ్గరికి పోతాడు. మంచి డ్రైవరు దొరకడం ఎంత కష్టమో ఏ ఓనరుకీ చెప్పనక్కర్లేదు. మిగిలిన డీజిల్‌లో మూడో వంతో సగమో బత్తాతో కలిపి నెలనెలా ఇచ్చేస్తే అదే రిపోర్టు కోసం డ్రైవరే ఫోన్ చేసి అడుగుతాడు. లోపలివైపు కెమెరా సంగతి మరీ జాగ్రత్తగా చూడాలి. క్యాబిన్ అతనికి ఆఫీసు మాత్రమే కాదు, అన్నం తినే చోటు, పడుకునే చోటు, ఇంటికి వీడియో కాల్ చేసే చోటు. బండి ఆగాక ఆ కెమెరా ఆగిపోవాలి. ముందే చెప్పి, ఒప్పుకున్నాకే పెట్టాలి.

ఇంకో విషయం ఓనర్లు ముందే తెలుసుకోవాలి. డేటా ఓనరు మీద కూడా సాక్ష్యం చెబుతుంది. పధ్నాలుగు గంటలు ఆగకుండా నడిచిన బండి ప్రమాదం చేస్తే, అంతకు ముందు నెలలో పది సార్లు అదే జరిగిందని ఆ రిపోర్టే చూపిస్తుంది. తెలిసీ ఆపలేదని అర్థం వస్తుంది. ఓవర్‌లోడు కాటా చీటీ కూడా అంతే. పరికరం పెట్టుకుని రిపోర్టు చూడకుండా వదిలేసే ఓనరుకంటే పరికరమే లేని ఓనరు కాస్త నయమైన స్థితిలో ఉంటాడు. పెట్టుకున్నాక చూడాలి, చూశాక ఏం చేశారో ఒక నోట్‌బుక్‌లో తేదీ వేసి రాయాలి. "12వ తేదీ, నెల్లూరు దాటాక నిద్ర, ఇకనుంచి లోడింగ్ రోజు గుమస్తా లెక్క చూస్తాడు" అన్న ఒక్క వాక్యం రేపు ట్రిబ్యునల్‌లోనూ, రెన్యూవల్ బల్ల దగ్గరా ఏ గ్రాఫు కంటే ఎక్కువ మాట్లాడుతుంది.

రెన్యూవల్ బల్ల దగ్గరికి ఎప్పుడు వెళ్లాలన్నది కూడా ముఖ్యమే. గడువు రెండు రోజులుందనగా ఏజెంటుకి ఫోన్ చేస్తే ఏ రేటు చెబితే అదే. నెలన్నర ముందు వెళితే మూడు నాలుగు కంపెనీల దగ్గర ఓడీ రేటు అడగొచ్చు. వెంట తీసుకెళ్లాల్సినవి బరువైనవేం కావు. మూడేళ్ల క్లెయిమ్ చరిత్ర, ఆరు నెలల వేగం, గట్టి బ్రేకులు, రాత్రి గంటల నెలవారీ పట్టిక, డ్రైవర్ల లైసెన్సు కాపీలు, ఆ నోట్‌బుక్. కిందిస్థాయి ఆఫీసులో డిస్కౌంట్ ఇచ్చే అధికారం ఉండకపోవచ్చు, కానీ పై ఆఫీసుకి పంపడానికి వాళ్ల చేతిలో ఒక కాగితమైనా ఉంటుంది. మూడు లారీల ఓనరు ఒంటరిగా వెళ్తే మాట చిన్నదే. లారీ ఓనర్ల సంఘం ద్వారా ఒకే రకం రిపోర్టు ఇచ్చే యాభై మంది కలిసి వెళ్తే అవి నూట యాభై లారీలు. అప్పుడు అదృష్టమా జాగ్రత్తా అన్న ప్రశ్నకి కంపెనీకి నిజంగానే లెక్క దొరుకుతుంది. కిరాయి రేట్ల మీద, హాల్టింగ్ డబ్బుల మీద కలిసి కూర్చునే సంఘాలు జీపీఎస్ కూడా కలిసే కొని, రిపోర్టు నమూనా ఒక్కటే పెట్టుకుంటే చాలు. ఆ బల్ల దగ్గర అడగాల్సింది ఓడీ డిస్కౌంట్ ఒక్కటే కాదు. ఐఎంటీ–23 కూడా అదే రేటులో కలపమని అడగొచ్చు. ప్రమాదం జరిగిన చోటికి నష్టం చూసే స్పాట్ సర్వేయరు ఎన్ని గంటల్లో వస్తాడో రాసిమ్మని కూడా అడగొచ్చు.